తెలియని దేశమునకు వెళ్లిన దైవజనుడు



దేవుడు అబ్రాహామును పిలిచినప్పుడు, చేరవలసిన చోటును ముందుగా చూపలేదు (ఆదికాండము 12). అట్టి పిలుపునకు లోబడి మన తెలుగునేలకు వచ్చిన ఒక సేవకుని జీవితమును ఈ నెల ధ్యానింతము. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతమందలి వెళ్ళాలన్‌విలై అను పల్లెలో, ఒక తమిళ పాదిరిగారి కుమారుడుగా జన్మించిరి. 1895 మొదలు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ దేశమందు తిరుగుచు యౌవనస్థులకు బోధించిరి. మన దేశస్థులే పనివారై, మన సంఘముల కానుకలతోనే సువార్త సాగవలెనని ఆశించి, 1903లో తిరునల్వేలి క్రైస్తవులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీని ప్రారంభించిరి. ఆ సొసైటీ నైజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతమును సేవాస్థలముగా ఎన్నుకొనెను.

ఇతరులను వెళ్లుమని ప్రోత్సహించుట సుళువు. తాను వెళ్లుట కష్టము. అజరయ్యగారికి మంచి పని యుండెను, దేశమంతట పేరుండెను, భార్యాబిడ్డలుండిరి. డోర్నకల్ ఆయన స్వదేశమునకు బహు దూరము. అచ్చటి భాష ఆయన మాతృభాష కాదు. అయినను 1909లో, తన 35వ యేట, ఆ పని విడిచి, గురుపట్టము పొంది, కుటుంబముతో డోర్నకల్ చేరిరి. పేరుపొందిన ప్రసంగీకుడు అచ్చట బిడ్డవలె తెలుగు నేర్చుకొనవలసి వచ్చెను. ఎద్దుబండి మీదను సైకిలు మీదను పల్లెపల్లెకు పోయి, లోకము దూరముగా నుంచిన మాల మాదిగల పేటలలో వాక్యము ప్రకటించిరి.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ దేవాలయములో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. భారతీయుడు ఈ భారము మోయగలడా యని అనేకులు సందేహించిరి. ఆయన 32 సంవత్సరములు మోసిరి. 1939 జనవరి 6న డోర్నకల్‌లో మన దేశపు శిల్పరీతిలో కట్టిన ఎపిఫనీ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. సంఘముల ఐక్యత కొరకు 1919 నుండి పాటుపడిరి గాని, దానిని చూడకయే 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను.

ప్రియులారా, మనలో ఒకరి కుమారుడు పని కొరకు దూరపట్టణమునకు పోవుచుండవచ్చును. ఒకరి కుమార్తె ఎరుగని ఊరికి కోడలుగా పోవుచుండవచ్చును. దారి చివర మనకు కనబడదు. రాత్రివేళ పొలమునకు పోవువాని చేతి లాంతరు గట్టు అంతటిని చూపదు. పెట్టవలసిన అడుగును మాత్రము చూపును. అజరయ్యగారికి ఆ వెలుగు చాలెను. మనకును చాలును. పిలిచినవాడు మనకంటె ముందుగా ఆ ఊరిలో ఉన్నాడని నమ్మి, అడుగు వేయుదము. ఆమేన్.