విలియం మౌల్టన్ మార్‌స్టన్

విలియం మౌల్టన్ మార్‌స్టన్ (మే 9, 1893 – మే 2, 1947) అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త, న్యాయశాస్త్ర పట్టభద్రుడు, రచయిత. రక్తపోటులోని మార్పులను బట్టి అసత్యమును పసిగట్టే పరీక్షను రూపొందించినవాడు. అయితే లోకము ఈయనను ఎక్కువగా గుర్తు పెట్టుకొన్నది వండర్ వుమన్ అనే కథానాయిక సృష్టికర్తగా. కామిక్స్ పుస్తకాలలో స్త్రీ పాత్రలు చాలావరకు ఆపదలో చిక్కుకొని వీరుని రాకకై ఎదురుచూచే కాలములో, తానే సంకెళ్ళు తెంచుకొని వీరుని కూడా కాపాడే స్త్రీని ఈయన చిత్రింపజేశాడు. ఆ పాత్ర వెనుక ఈయన ఇంటి స్త్రీల పాత్ర ఎంత ఉన్నదో మాత్రము చాలాకాలము ఎవరికీ తెలియలేదు.

బాల్యము, విద్యాభ్యాసము

మార్‌స్టన్ మాసాచుసెట్స్ రాష్ట్రములోని సాగస్ పట్టణ పరిధిలో జన్మించాడు. తల్లిదండ్రులకు ఏకైక సంతానము. హార్వర్డ్ విశ్వవిద్యాలయములో 1915లో బి.ఎ., 1918లో న్యాయశాస్త్ర పట్టా, 1921లో మనస్తత్వ శాస్త్రములో డాక్టరేటు పొందాడు. చదువు ఖర్చులకు మూకీ చిత్రాలకు కథలు వ్రాసి అమ్మేవాడు. బొమ్మలతో కథ చెప్పే నేర్పు అక్కడే అబ్బి ఉండవచ్చు.

ఆయన హార్వర్డ్‌లో చేరిన 1911వ సంవత్సరములోనే ఒక సంఘటన జరిగింది. స్త్రీల ఓటుహక్కుకై పోరాడుతున్న బ్రిటిష్ నాయకురాలు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్‌ను విద్యార్థులు ఉపన్యాసానికి ఆహ్వానించగా, విశ్వవిద్యాలయము తన సభాభవనములో మాట్లాడనివ్వలేదు. ఆమె సమీపములోని మరొక భవనములో ప్రసంగించింది. ఆ రోజులలో ఓటుహక్కు ఉద్యమకారుల ఊరేగింపులలోను, వ్యంగ్య చిత్రాలలోను సంకెళ్ళు ముఖ్యమైన గుర్తు. తరువాతి కాలములో మార్‌స్టన్ కథలలో పదే పదే కనబడే సంకెళ్ళకు మూలము ఇక్కడ వెదకవలసి ఉంటుంది.

సత్యశోధన పరీక్ష

1915లో మార్‌స్టన్ తన బాల్యస్నేహితురాలు శాడీ ఎలిజబెత్ హాలోవేను వివాహమాడాడు. ఆమె మౌంట్ హోలియోక్ కళాశాల పట్టభద్రురాలు. హార్వర్డ్ న్యాయ కళాశాల స్త్రీలను చేర్చుకొనేది కాదు కనుక బోస్టన్ విశ్వవిద్యాలయములో చదివి, భర్త పట్టా పొందిన 1918లోనే తానూ పట్టా పొందింది. తనకు కోపము గాని ఉద్వేగము గాని కలిగినపుడు రక్తపోటు పెరుగుతున్నదని ఆమె గమనించి చెప్పగా, ఆ ఆలోచనపై మార్‌స్టన్ ప్రయోగాలు ప్రారంభించాడని వారి కుమారుడు తెలిపాడు. ఆమె ఈ ప్రయోగాలలో పాల్గొన్నప్పటికీ పరిశోధన పత్రాలపై ఆమె పేరు లేదు.

నేటి లై డిటెక్టర్ యంత్రము పూర్తిగా మార్‌స్టన్ సృష్టి కాదు. రక్తపోటుతో పాటు శ్వాసను కూడా నమోదు చేసే పరికరాన్ని 1921లో జాన్ లార్సన్ తయారు చేశాడు. మార్‌స్టన్ పద్ధతిని న్యాయస్థానము ముందు ఉంచే ప్రయత్నము జేమ్స్ ఫ్రై అనే హత్యకేసు నిందితుని విచారణలో జరిగింది. శాస్త్రజ్ఞులలో సాధారణ ఆమోదము పొందని పద్ధతిని సాక్ష్యముగా స్వీకరించరాదని వాషింగ్టన్ అప్పీలు న్యాయస్థానము 1923లో తీర్పు చెప్పింది. ఈ తీర్పు నేటికీ అమెరికా న్యాయ విద్యార్థులకు పాఠ్యాంశము. భారతదేశములో సైతము నిందితుని సమ్మతి లేకుండా ఇటువంటి పరీక్ష జరుపరాదని సుప్రీంకోర్టు 2010లో తీర్పు ఇచ్చింది.

1928లో మార్‌స్టన్ సామాన్య మానవుల ఉద్వేగాలను గురించి ఒక గ్రంథము ప్రచురించాడు. మనుష్యుల ప్రవర్తనను నాలుగు విధాలుగా విభజించే డిస్క్ సిద్ధాంతానికి అదే ఆధారము. లోకము పురుషుల బలప్రయోగముతో కాక స్త్రీల ప్రేమతో పాలింపబడాలని, ప్రేమగల పాలనకు ఇష్టపడి లోబడుటలోనే సుఖమున్నదని ఆయన విశ్వాసము. వెయ్యి సంవత్సరాలలో స్త్రీలు లోకాన్ని ఏలుతారని 1937లో పత్రికలకు ప్రకటించాడు కూడా.

కుటుంబము

టఫ్ట్స్ కళాశాలలో బోధిస్తున్న కాలములో మార్‌స్టన్‌కు ఆలివ్ బర్న్ అనే విద్యార్థిని పరిచయమైనది. ఆమె తల్లి ఈథెల్ బర్న్, పెద్దమ్మ మార్గరెట్ సాంగర్ 1916లో బ్రూక్లిన్‌లో అమెరికాలోని మొదటి సంతాన నియంత్రణ కేంద్రాన్ని తెరిచారు. ఈథెల్ ఆ కారణముగా జైలుకు వెళ్ళి నిరాహారదీక్ష చేసింది. ఆలివ్ క్రమముగా మార్‌స్టన్ దంపతుల ఇంటిలో మూడవ వ్యక్తిగా స్థిరపడింది. ఎలిజబెత్‌కు ఇద్దరు, ఆలివ్‌కు ఇద్దరు పిల్లలు కలిగారు. మార్‌స్టన్ ఏ ఉద్యోగములోను ఎక్కువకాలము నిలువలేదు. భీమా సంస్థలో పని చేసి కుటుంబాన్ని పోషించినది ఎలిజబెత్. నలుగురు పిల్లలను పెంచినది ఆలివ్.

ఈ సంగతి బయటి ప్రపంచానికి తెలియదు. ఆలివ్ తన కుమారులకు కూడా వారి తండ్రి మరణించిన వేరొక వ్యక్తి అని చెప్పి పెంచింది. ఆమె ఫ్యామిలీ సర్కిల్ అనే పత్రికలో ఆలివ్ రిచర్డ్ అనే మారుపేరుతో వ్యాసాలు వ్రాస్తూ, తాను నివసించే ఇంటికే అతిథిగా వచ్చి ప్రసిద్ధ మనస్తత్వ శాస్త్రవేత్తను ప్రశ్నలడిగినట్లు వర్ణించేది. అసత్యాన్ని పట్టుకొనే పరీక్ష కనిపెట్టినవాని ఇల్లు అసత్యముపై నడవడము ఈయన జీవితములోని వింత.

వండర్ వుమన్

1940లో ఆలివ్ వ్రాసిన అటువంటి ఒక వ్యాసములో మార్‌స్టన్ కామిక్స్‌ను సమర్థిస్తూ మాట్లాడాడు. 1938లో సూపర్‌మ్యాన్, 1939లో బ్యాట్‌మ్యాన్ వెలువడి పిల్లలను ఊపివేస్తుండగా, ఈ పుస్తకాలు హింసను నేర్పుతున్నాయని పెద్దల ఆందోళన. ప్రచురణకర్త మాక్స్ గెయిన్స్ ఆ వ్యాసము చూసి మార్‌స్టన్‌ను సలహాదారుగా నియమించాడు. వీరులందరూ పిడికిళ్ళతో గెలిచే పురుషులే కావడము ఈ పుస్తకాల లోపమని, ప్రేమతో గెలిచే వీరుడు కావాలని మార్‌స్టన్ భావించాడు. ఆ వీరుడు స్త్రీ కావాలని సూచించినది ఎలిజబెత్ అని చెబుతారు. 1941 ఫిబ్రవరిలో సుప్రీమా, ద వండర్ వుమన్ అనే పేరుతో మొదటి కథ సంపాదకుడు షెల్డన్ మేయర్‌కు అందింది. ఆయన సుప్రీమాను తొలగించాడు. చార్లెస్ మౌల్టన్ అనే కలము పేరుతో ఆ కథ 1941 చివరలో ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో వెలువడింది.

వీరనారి పాత్రలు అంతకు ముందు లేకపోలేదు. అడవిలో సంచరించే షీనా 1938 నాటికే అమెరికా పాఠకులకు తెలుసు. ఈ కథలో క్రొత్తదనము వేరు. వండర్ వుమన్ అమెజాన్ స్త్రీల ద్వీపములో, పురుషులే లేని సమాజములో పెరిగిన రాకుమారి. ఆమె శక్తి శిక్షణ వలన వచ్చినది కనుక ఏ బాలిక అయినా సాధించవచ్చునన్న ధ్వని కథలలో ఉంటుంది. విమాన ప్రమాదములో పడిన స్టీవ్ ట్రెవర్ అనే సైనికాధికారిని ఆమె రక్షించి అమెరికాకు తెస్తుంది. ఆమె త్రాడుకు చిక్కినవారు ఆజ్ఞకు లోబడి నిజము చెప్పక తప్పదు. గుండ్లను అడ్డుకొనే ఆమె కంకణాలకు ఆలివ్ ఎప్పుడూ చేతులకు ధరించే వెడల్పాటి కంకణాలే నమూనా. ఆమె స్నేహితురాలు ఎట్టా క్యాండీ లావుగా, పొట్టిగా ఉండి మిఠాయిలు తింటూనే శత్రువులను చితకబాదుతుంది. అందగత్తె కాని స్త్రీకి అటువంటి సాహస పాత్ర ఆనాడు అరుదు. స్త్రీలను ద్వేషించే డాక్టర్ సైకో అనే దుష్టుడు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కావడము గమనార్హము.

బొమ్మలు గీసినవాడు హెచ్.జి. పీటర్. ఆయన 1880లో జన్మించినవాడు. ఓటుహక్కు ఉద్యమ కాలములో జడ్జ్ అనే హాస్యపత్రికలో స్త్రీల పుటకు చిత్రాలు గీశాడు. అదే పుటకు లూ రోజర్స్ అనే చిత్రకారిణి, త్రాళ్ళు తెంచుకొంటున్న స్త్రీల బొమ్మలు గీసేది. ఆ పాత వ్యంగ్య చిత్రాల వారసత్వము వండర్ వుమన్‌లో స్పష్టముగా కనబడుతుంది. 1942లో ఆమె పేరుతో వేరే పత్రిక మొదలైనపుడు, ఫ్లోరెన్స్ నైటింగేల్‌తో ప్రారంభించి చరిత్రలోని స్త్రీల జీవితాలు కూడా అందులో బొమ్మలుగా వచ్చాయి.

పురుష వీరుల సంఘమైన జస్టిస్ సొసైటీలో ఆమెను చేర్చుకోవచ్చునా అని ప్రచురణకర్తలు పాఠకులను అడిగారు. మొదట అందిన 1,801 జవాబులలో 1,265 మంది బాలురు, 333 మంది బాలికలు చేర్చుకోమన్నారు. వద్దన్నవారు 197 మంది బాలురు, 6గురు బాలికలు మాత్రమే. ఆమెను చేర్చుకొన్నారు, అయితే కార్యదర్శిగా. పురుషులు యుద్ధానికి వెళ్ళగా ఆమె కార్యాలయములో ఉండిపోయేది. ఆ కథలు వ్రాసినది మార్‌స్టన్ కాదు, గార్డనర్ ఫాక్స్.

సంకెళ్ళ వివాదము

మార్‌స్టన్ కథలలో వండర్ వుమన్‌ను పుటపుటకూ కట్టివేస్తారు. పురుషుడు ఆమె కంకణాలను గొలుసుతో బంధిస్తే ఆమె శక్తి నశిస్తుంది. ఏ గొలుసు ఎక్కడ ఎలా కట్టాలో చిత్రకారునికి ఆయన మిక్కిలి వివరముగా వ్రాసేవాడు. సలహా మండలి సభ్యురాలు, బాలసాహిత్య నిపుణురాలు జోసెట్ ఫ్రాంక్ 1943లో దీనికి తీవ్రముగా అభ్యంతరము చెప్పింది. అదే సంవత్సరము ఒక సైనికుడు ఆ బొమ్మలపై అనుచితమైన ఆసక్తితో వ్రాసిన ఉత్తరము గెయిన్స్‌ను కలవరపరిచింది. ఉప సంపాదకురాలు డొరొతీ రూబిచెక్ గొలుసులు లేకుండా స్త్రీలను బంధించి ఉంచే ఉపాయాల జాబితా ఒకటి తయారు చేసి ఇచ్చింది. మార్‌స్టన్ పట్టించుకోలేదు.

ఉద్యమ చిహ్నముగా సంకెల తెగిన క్షణానికి విలువ ఉంది. మార్‌స్టన్ కలము మాత్రము బంధించిన క్షణము వద్ద ఎక్కువసేపు ఆగుతుంది. లోబడుట సుఖమనే ఆయన సిద్ధాంతము ఇందుకు ఒక కారణము. ఈ వ్యాసకర్త దృష్టిలో జోసెట్ ఫ్రాంక్ ఆక్షేపణ సమంజసమైనదే. అలాగే యుద్ధకాలపు కథలలో జపనీయులను వికృతముగా చిత్రించడము కూడా ఆ పుస్తకాలకు మచ్చ.

మరణము, అనంతర పరిణామములు

1944లో మార్‌స్టన్‌కు పోలియో సోకి నడక కష్టమైనది. ఆ సంవత్సరమే తన విద్యార్థిని జోయి హమ్మెల్‌ను సహాయకురాలిగా పెట్టుకొన్నాడు. త్వరలోనే ఆమె స్వయముగా కథలు వ్రాయసాగింది. అవి కూడా చార్లెస్ మౌల్టన్ పేరుతోనే వెలువడ్డాయి. మార్‌స్టన్ క్యాన్సర్ వ్యాధితో 1947లో న్యూయార్క్ రాష్ట్రములోని రై పట్టణములో మరణించాడు. హమ్మెల్ కూడా ఆ కాలములోనే పని మానివేసింది.

తనను సంపాదకురాలిగా నియమించమని ఎలిజబెత్ ప్రచురణ సంస్థను కోరింది. వారు రాబర్ట్ కానిగర్‌ను నియమించారు. మార్పు వెంటనే కనబడింది. 1949లో సెన్సేషన్ కామిక్స్ 94వ సంచిక ముఖచిత్రముపై స్టీవ్ ట్రెవర్ ఆమెను చేతులపై ఎత్తుకొని వాగు దాటిస్తున్నాడు. ఆమె కాళ్ళకు బూట్లు పోయి సున్నితమైన చెప్పులు వచ్చాయి. చరిత్రలోని స్త్రీల జీవితాలకు బదులు వివాహ ఆచారాల శీర్షిక వచ్చింది. 1968లో ఆమె శక్తులనే తీసివేసి దుస్తుల దుకాణము పెట్టించారు. 1972లో గ్లోరియా స్టైనమ్ తదితరులు స్థాపించిన మిస్ పత్రిక తన జూలై సంచిక ముఖచిత్రముగా పాత వండర్ వుమన్‌ను ప్రచురించగా, మరుసటి సంవత్సరము ఆ శక్తులు తిరిగి వచ్చాయి. 2016లో ఐక్యరాజ్యసమితి ఆమెను స్త్రీ సాధికారతకు గౌరవ రాయబారిగా ప్రకటించినపుడు, ఆమె వేషధారణ దృష్ట్యా ఆ ఎంపిక తగదని సమితి ఉద్యోగులే నిరసించారు. రెండు నెలలలోపే ఆ గౌరవము ముగిసింది.

మార్‌స్టన్ మరణానంతరము ఎలిజబెత్, ఆలివ్ ఒకే ఇంటిలో కలిసి జీవించారు. ఎలిజబెత్ 1993లో నూరవ ఏట మరణించింది. జిల్ లెపోర్ 2014లో ప్రచురించిన గ్రంథముతో ఈ కుటుంబ వృత్తాంతము విస్తృతముగా వెలుగులోకి వచ్చింది. డెబ్బదికి పైగా కథలు వ్రాసిన జోయి హమ్మెల్‌కు 2018లో బిల్ ఫింగర్ పురస్కారము లభించింది. అప్పటికి ఆమెకు 94 సంవత్సరాలు. ఆమె 2021లో మరణించింది.