తలకిందుల లెక్క నమ్మిన క్లౌ దొర

ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్లకు క్లౌపేట పేరు తెలిసే ఉంటుంది. ఆ పేరు వెనకున్న మనిషి మనం ఇప్పుడు కాపురాలు చేసుకుంటున్న ఈ అమెరికా నుంచే వెళ్లారని ఇక్కడ పుట్టిన మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ.

బైబిల్లో ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే మాటలు చాలా ఉన్నాయి. కడపటివాళ్లు ముందువాళ్లవుతారని, ప్రాణం దాచుకునేవాడే దాన్ని పోగొట్టుకుంటాడని, బలహీనతలోనే బలముందని. రోజంతా కోడ్ రాసుకునే నాబోటివాడికి ఒకే షరతు ఒకేసారి నిజమూ అబద్ధమూ ఎలా అవుతుందో మింగుడు పడదు. క్లౌ జీవితం చదివాకే నాకు వీటి సంగతి కొంత బోధపడింది.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు, అయోవాలో పెరిగారు. కుర్రతనంలో మిన్నెసోటాలో సర్వే పని నేర్చారు. అప్పట్లో మతం మీద గురి లేదు. కాలేజీ రోజుల్లో మనసు మారింది. 1864 చివర్లో బోస్టన్‌లో ఓడెక్కి నెల్లూరు చేరారు, 1866లో ఒంగోలుకు మకాం మార్చారు. ఫలితం లేదని బోస్టన్ పెద్దలు ఒకటికి రెండుసార్లు మూసేద్దామనుకున్న బాప్టిస్టు మిషన్ అది.

ఒంగోలులో ఆయన బడికి అగ్రవర్ణాల పిల్లలు వచ్చేవారు. ఇంతలో మాదిగలు చేరడానికి ముందుకొచ్చారు. వాళ్లను చేర్చుకుంటే పిల్లల్ని మాన్పిస్తామని పెద్ద కులాలవాళ్లు తేల్చేశారు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లను వదులుకోవడం తెలివితక్కువ పని. ఆయనా, భార్య హారియెట్టూ వేరు వేరు గదుల్లో ఉండి, ఒకరికి తెలియకుండా ఒకరు పౌలు కొరింథీయులకు రాసిన ఉత్తరంలో ఒకే చోటు తెరిచారట. లోకం లెక్కచేయనివాళ్లనే దేవుడు ఎంచుకుంటాడని అందులో ఉంది. క్లౌ మాదిగలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది. కానీ ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ బోధకుల వల్ల మిషన్ పల్లెపల్లెకూ పాకింది.

అసలు పరీక్ష 1876-78 నాటి కరువులో వచ్చింది. జనం ధాత కరువన్నది దాన్నే. క్లౌ తన సర్వే చదువును బయటికి తీసి, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. కూలి సొమ్ము మధ్యవాళ్ల పాలు కాకుండా తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. వేలమందికి గంజి దొరికింది. బాప్తిస్మం ఇవ్వమని జనం ఎగబడ్డారు. ఆయన ఇవ్వనన్నారు. కడుపు కోసం వచ్చిన నమ్మకం నిలవదని ఏడాదికి పైగా తలుపు మూసే ఉంచారు. జనాన్ని చేర్చడానికే సముద్రాలు దాటి వచ్చిన మనిషి, వచ్చినవాళ్లను ఆపేశారు.

కరువు పనులు ముగిశాయి. ఇక అక్కడ దొరికే డబ్బూ లేదు, గింజా లేదు. అయినా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి ఇచ్చింది తెలుగు బోధకులే.

అది కూడా కరువు ప్రభావమేనని అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. మతం మారినంత మాత్రాన కులం పోలేదన్నదీ నిజమే. అయితే కాలువ పని ఇచ్చినప్పుడు కాదని, ఇవ్వడానికేమీ లేనప్పుడు సరేనన్న క్లౌ నిర్ణయాన్ని కూడా ఆ లెక్కలో వేసుకోవాలి.

క్లౌ 1910లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కన్నుమూశారు. ఆయన కథను రెండో భార్య ఎమ్మా 1914లో పుస్తకంగా తెచ్చారు.

ఒక వరసను ఈ కొస నుంచి లెక్కపెడితే మొదటివాడు, ఆ కొస నుంచి పెడితే చివరివాడు. మనిషీ మారలేదు, వరసా మారలేదు. లెక్క ఎక్కణ్ణుంచి మొదలుపెట్టామన్నదే తేడా. ఇన్ని సముద్రాలు దాటొచ్చినా మన విందుల్లో ఇంకా ఇంటిపేరు అడిగి కులం ఆరా తీసేవాళ్లున్నారు. వాళ్లు లెక్క ఏ కొస నుంచి మొదలుపెడుతున్నట్టు?