చుక్కా గీతా – శామ్యూల్ మోర్స్ జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధుని జీవితం వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు శామ్యూల్ మోర్స్ గుర్తుకు వచ్చాడు. మనలో చాలామందిమి ఆయన పేరు తలచకుండానే సర్వీసంతా ఆయన చుక్కలూ గీతల మీద నెట్టుకొచ్చినవాళ్ళమే. బదిలీ ఉత్తర్వు తంతిలో వచ్చేది; సెలవు పొడిగించమని మనమూ తంతే కొట్టేవాళ్ళం.

మోర్స్ 1791 ఏప్రిల్ 27న అమెరికాలో, బోస్టన్ దగ్గరి చార్లెస్‌టౌన్‌లో జన్మించాడు. తండ్రి మతబోధకుడు, భూగోళ గ్రంథాలు వ్రాసి పేరు పొందినవాడు. కుమారుడు 1810లో యేల్‌లో చదువు ముగించి, చిత్రకళ నేర్వడానికి లండన్ వెళ్ళాడు. తిరిగివచ్చాక మనుషుల బొమ్మలు వేసి పొట్ట పోసుకున్నాడు.

1825లో ఆయన లఫాయెట్ ప్రభువు చిత్రం వేసే పనిమీద వాషింగ్టన్‌లో ఉండగా, ఫిబ్రవరి 7న న్యూహేవెన్‌లో భార్య లుక్రీషియా ఆకస్మికంగా మరణించింది. తండ్రి వ్రాసిన ఉత్తరం చేరడానికే రోజులు పట్టింది. ఇల్లు చేరేసరికి ఖననం జరిగిపోయింది.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు 1974 గుర్తుకు వస్తుంది. తార్నాకలో అద్దెగదిలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్ళో అమ్మ పోయింది. తమ్ముడు ఆ ఉదయమే తంతి ఇచ్చాడు. దారిలో ఎవరి బల్లమీద ఆగిందో, నాకు మూడవనాడు అందింది. నేను వెళ్ళేసరికి చితి చల్లారింది. తంతి లేక మోర్స్‌కు దక్కనిది, తంతి ఉండీ నాకు దక్కలేదు.

భార్య మరణమే ఆయనచేత టెలిగ్రాఫ్ చేయించిందని చాలామంది చెబుతారు. ఫైలులో తేదీలు చూసే అలవాటున్న నాకు అది పూర్తిగా ఒప్పుదల కాదు. మధ్యలో ఏడేళ్ళున్నాయి. 1832లో ఐరోపా నుంచి సల్లీ అనే ఓడలో వస్తుండగా, తోటి ప్రయాణికుడు చార్లెస్ జాక్సన్‌తో విద్యుదయస్కాంతం గురించి మాటలు సాగాయి. ఆలోచన అక్కడ పుట్టింది.

తర్వాత న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో చిత్రకళాచార్యుడై, ఆ భవనంలోని తన గదిలోనే, కాన్వాసు బిగించే చట్రానికి గడియారం చక్రాలు తగిలించి మొదటి యంత్రం చేశాడు. కరెంటు దూరం పోలేదు. అక్కడి రసాయనశాస్త్ర ఆచార్యుడు లెనార్డ్ గేల్, జోసెఫ్ హెన్రీ పరిశోధనల ఆధారంగా దారి చూపాడు. ఆల్ఫ్రెడ్ వెయిల్ అనే యువకుడు డబ్బూ పనితనమూ రెండూ తెచ్చాడు. అక్షరాలకు చుక్కలూ గీతలూ కేటాయించడంలో ఎవరి పాలెంతో ఇప్పటికీ వాదనే. పేరు మాత్రం ఒక్కరికే దక్కింది. ఆఫీసుల్లో పనిచేసిన మనకిది కొత్త కాదు.

1843లో అమెరికా కాంగ్రెస్ 30,000 డాలర్లు మంజూరు చేసింది. ప్రతినిధుల సభలో అనుకూలంగా 89, వ్యతిరేకంగా 83. భూమిలో గొట్టాలలో వేసిన తీగె పాడైంది. డబ్బు చాలావరకు కరిగిపోయింది. మన ఆడిట్‌వాళ్ళు చూసి ఉంటే ఏమి వ్రాసేవారో! చివరకు స్తంభాలు పాతి లాగిన తీగె మీద 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు వార్త వెళ్ళింది.

యంత్రం కాగితం మీద గుర్తులు గీయాలనే మోర్స్ ఉద్దేశం. కానీ పనివాళ్ళు టకటక శబ్దం వింటూనే అక్షరాలు పట్టేయడం నేర్చారు. ఆయన కళ్ళకోసం చేసింది చెవుల పాలైంది.

ఆయనలో లోపాలు లేకపోలేదు. వలస వచ్చినవారిని ద్వేషించాడు, బానిసత్వాన్ని సమర్థించాడు. పేటెంటు వ్యాజ్యాలు సుప్రీంకోర్టు దాకా నడిపాడు. 1872 ఏప్రిల్ 2న న్యూయార్క్‌లో మరణించాడు. మన దేశంలో ఓషాఘ్నెస్సీ వేయించిన తీగెలతో 1850లలో మొదలైన తంతి సేవ 2013 జూలైలో ముగిసింది.

ఈమధ్య ఉస్మానియా ఆవరణలో ఉదయపు నడక ముగించి ఆర్ట్స్ కళాశాల ఎదుట కూర్చున్నప్పుడు, ఇంజనీరింగ్ చదివే మా మనవడు సెల్‌ఫోన్ తీసి, ఇది మోర్స్ విని చదువుతుంది తాతయ్యా అన్నాడు. మైకులో పడిన ధ్వనుల్లో ఒక్క స్థాయిని ఉంచుకొని మిగతావి వదిలేస్తుందట. ధ్వని ఎంతసేపుంది, ఎంతసేపు ఆగిందని కొలుస్తుంది. గీత మూడు చుక్కలంత. అక్షరాల నడుమ విరామమూ అంతే. మాటల నడుమ ఏడు. చెంచాతో గ్లాసు మీద కొడితే కుదరదు, నిలిచే ధ్వని కావాలి.

చిన్నప్పుడు స్కౌట్లలో ఈలతో నేర్చిన విద్య. కట్టుడు పళ్ళతో ఈల ఎంత కష్టమో తోటివారికి చెప్పనక్కరలేదు. మొదటిసారి కాకుల గోలలో ఫోన్ ఏవో పిచ్చి అక్షరాలు వేసింది. రెండవసారి ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ అని పంపాను: ఏ, ఎం, ఎం, ఏ. మొదటి మూడూ సరిగ్గా పడ్డాయి. చివరి ఏ అంటే చుక్క, గీత. చుక్క తర్వాత నాకు ఊపిరి అందక కాస్త ఆగాను. ఫోన్ దాన్ని రెండక్షరాలనుకొని ఈ, టీ అని వేసింది.

మనవడు తెర తుడిచి మళ్ళీ నా నోటి దగ్గర పెట్టాడు.