కర్నల్ సి.కె. నాయుడు

తిక్కన శల్యపర్వంలోని భీమదుర్యోధనుల గదాయుద్ధ ఘట్టాన్ని శ్రద్ధగా చదివినవారికి ఒక విషయం స్ఫురిస్తుంది. అక్కడ గద ఎంత ప్రధానమో, దానిని ధరించి మండలాకారంగా తిరిగే వీరుల పాదచారమూ అంతే ప్రధానం. ధనుర్విద్యను చెప్పిన ప్రాచీనులు ఆలీఢం, ప్రత్యాలీఢం అంటూ ముందుగా కాళ్లు నిలిపే తీరుకే పేర్లు పెట్టారు. బాణం సంగతి ఆ తరువాతనే. భద్రాచలం అడవుల అంచున ఉన్న పల్లెల్లో చిర్రగోనె ఆడే పిల్లవానికి ఈ శాస్త్రం ఎవరూ బోధించరు. అయినా గాలిలోకి లేచిన బిళ్లను కర్రతో కొట్టేవేళ వాని కాలు తనంతట తానే ముందుకు సాగుతుంది, నడుము తిరుగుతుంది, ఆ తరువాతే చేయి కదులుతుంది. ఈ సహజ విద్యను క్రికెట్ అనే విదేశీ క్రీడలో పరాకాష్ఠకు చేర్చి, పరతంత్ర భారతానికి తొలి టెస్టు సారథి అయిన వ్యక్తి మన తెలుగువాడు. ఆయన పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. లోకం ఎరిగిన పేరు సి.కె. నాయుడు.

నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించారు. వారి పూర్వులది మచిలీపట్నం ప్రాంతం. తాతగారు నారాయణస్వామి న్యాయవాది, భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావు ఇంగ్లండులో చదువుకొని వచ్చి న్యాయవాద వృత్తి చేపట్టారు. ఆ రోజుల్లో మధ్యపరగణాలకు వలసవెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు పెక్కు ఉండేవి. అటువంటి ఇంట పుట్టిన కనకయ్యకు సంపదకు లోటు లేదు, అయినా కిరీటం లేదు. ఆ కాలపు భారత క్రికెట్‌లో కిరీటం లేకపోవడం ఎంత పెద్ద లోపమో ఆయన జీవితమే చెబుతుంది.

1916లో ఆయన మొదటిసారి పెద్ద పోటీలో ఆడారు. హిందువులు, పార్సీలు, ముస్లిములు, యూరోపియన్లు మతాల వారీగా జట్లు కట్టి తలపడే పోటీలవి. యూరోపియన్ల మీద హిందూ జట్టు 79 పరుగులకు 7 వికెట్లు కోల్పోయిన స్థితిలో ఈ యువకుడు మైదానంలోకి వచ్చారు. మూడు బంతులను నిబ్బరంగా ఆపారు. నాలుగవదానిని సిక్సరుగా మలిచారు. ఆ తరువాత సుమారు అర్ధశతాబ్దం పాటు ఆయన ఆట తీరు ఇదే. ముందు పరిశీలన, పిదప ప్రహారం.

ఆ ప్రహారం వెనుక ఉన్న రహస్యాన్ని కొంచెం వివరంగా తెలుసుకోవలసి ఉంది. బలమంతా భుజాలలో ఉంటుందని చూసేవారు భ్రమపడతారు. గోల్ఫ్ ఆటను గమనిస్తే ఈ భ్రమ తొలగుతుంది. అక్కడ బంతి నేల మీద కదలక ఉంటుంది. ఆటగాడు తన శరీరభారాన్ని మొదట వెనుక కాలి మీదికి తెచ్చుకొని, క్రమంగా ముందు కాలి మీదికి మార్చుతాడు. మొదట నడుము తిరుగుతుంది, తరువాత భుజాలు, ఆ తరువాత చేతులు. చివరగా కర్ర కొస అన్నింటికంటె మించిన వేగంతో బంతిని తాకుతుంది. తాడును విసిరి కొరడాలా ఝళిపించినప్పుడు పిడి దగ్గర పుట్టిన చిన్న కదలిక కొసకు చేరేసరికి ఎంత వేగమవుతుందో, ఇదీ అంతే. ఈ క్రమం తప్పితే, అంటే నడుముకంటె ముందుగా చేతులు తొందరపడితే, ఎంతటి బలశాలి కొట్టినా బంతి దూరం పోదు.

క్రికెట్‌లో ఈ విద్య మరింత కఠినం. బంతి నిలిచి ఉండదు. వేగంగా వస్తుంది, నేలను తాకి దిశ మార్చుకుంటుంది. కనుక బ్యాట్స్‌మన్ ఊపుతోపాటు స్థలాన్ని కూడా క్షణంలో నిర్ణయించుకోవాలి. నాయుడు ఆరడుగులకు మించిన పొడగరి, నిటారైన విగ్రహం. బ్యాటును ఎత్తుగా వెనుకకు లేపేవారు. తల నిశ్చలంగా ఉండేది. నెమ్మదిగా వచ్చే బంతి అయితే గీత దాటి ముందుకు నడిచి, అది నేలను తాకిన చోటికే చేరుకొని, లేస్తున్న క్షణంలోనే దానిని ఎత్తి కొట్టేవారు. మెలిక తిరగడానికి బంతికి వ్యవధి ఇవ్వకపోవడమే ఇందులోని కిటుకు. కాలు సరిగా పడకుండా చేయి మాత్రమే సాగితే అదే దెబ్బ క్యాచ్ అవుతుంది. గీత దాటినవాడు బంతిని తప్పితే వెనుక ఉన్న వికెట్‌కీపర్ వికెట్లు పడగొడతాడు. ప్రతి సిక్సరు వెనుకా ఈ ప్రమాదం పొంచి ఉంటుందని మరువరాదు.

ఇక పరికరాల సంగతి. నాటి బ్యాటు ఇంగ్లండులో పెరిగే విల్లో చెట్టు కొయ్యతో చేసినది. తేలికగా ఉండి కూడా పగలని గుణం ఆ కొయ్యకు ఉంది. పిడిలో పేము బద్దలను అతికి, నడుమ రబ్బరు పెట్టేవారు. దెబ్బ తాలూకు అదురు చేతికి ఎక్కకుండా చేసే ఏర్పాటది. మొత్తం బరువు ఇంచుమించు ఒక కిలోగ్రాము. నేటి బ్యాట్లకు ఉన్న దళసరి అంచులు వాటికి లేవు. నడిమి భాగం తప్పి అంచుకు తగిలిన బంతి ఈనాటిలా ప్రేక్షకులలో పడేది కాదు. బంతి సుమారు 160 గ్రాముల బరువు, లోపల బెండు, దానిపై బిగించి చుట్టిన దారం, పైన తోలు. నాటి మన మైదానాలలో చాలాచోట్ల పచ్చికకు బదులు చాప పరిచిన పిచ్ ఉండేది. దాని మీద బంతి ఎక్కువ ఎత్తు లేచేది. తలకు శిరస్త్రాణం లేదు. హెల్మెట్ 1970 దశకం చివరిలో గాని వాడుకలోకి రాలేదు. నాయుడు ఆడినదంతా ఈ సాధనాలతోనే.

1923లో ఇండోరు పాలకుడు తుకోజీరావు హోల్కర్ ఆయనను తన సంస్థానానికి ఆహ్వానించి సైన్యంలో కొలువిచ్చారు. ఆ హోదా క్రమంగా పెరిగింది. కర్నల్ అనే బిరుదు పేరుకు ముందు శాశ్వతంగా నిలిచిపోయింది.

1926లో ఆర్థర్ గిల్లిగాన్ నాయకత్వాన ఎం.సి.సి. జట్టు ఇండియాకు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టు మీద గై ఎర్ల్ అనే ఆంగ్లేయుడు 8 సిక్సర్లతో 130 పరుగులు చేసి ప్రేక్షకులను విస్మయపరిచాడు. ఆ విస్మయం మరునాటి వరకే నిలిచింది. డిసెంబరు 1న నాయుడు రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. వాటిలో సిక్సర్లు 11. ఆ వార్త నగరమంతా వ్యాపించి జనం మైదానానికి పరుగులు తీశారని, చెట్లూ మేడలూ ఎక్కి చూశారని నాటి వృత్తాంతాలు చెబుతాయి. ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. అంతకంటె విలువైన ఫలం మరొకటి ఉంది. భారతీయులు అంతర్జాతీయ పోటీకి తగినవారన్న నమ్మకం గిల్లిగాన్ బృందానికి కలిగింది. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడడానికి ఈ పర్యటన దోహదం చేసింది.

1932లో భారత జట్టు ఇంగ్లండుకు బయలుదేరింది. సారథ్యం పోర్‌బందర్ మహారాజుది, ఉపసారథ్యం లింబ్డీ రాజకుమారునిది. ఆట వచ్చిన వానికంటె వంశం ఉన్న వానికే పదవి దక్కే కాలమది. అయితే పోర్‌బందర్ మహారాజు విజ్ఞుడు. తన ఆట పరిమితిని తానే ఎరిగి పక్కకు తొలగారు. లింబ్డీ గాయపడ్డారు. ఆ విధంగా జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు నాయుడు సారథి అయ్యారు. సామాన్యుడు తమను నడిపించడం జట్టులో కొందరికి రుచించలేదని చరిత్రకారులు రాశారు. ఆయన స్వభావం కూడా దానికి కొంత కారణమై ఉండవచ్చు. క్రమశిక్షణలో సైనికుడు, మాటలో కఠినుడు, చనువు ఇచ్చేవారు కాదు. యువ క్రీడాకారులు ఆయనను గౌరవించినంతగా ప్రేమించారని చెప్పలేము.

ఆ ఉదయం మహమ్మద్ నిస్సార్ వేగానికి ఇంగ్లండు 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకొన్నది. సామ్రాజ్య రాజధానిలో, వారి ఆటలో, వారి మైదానంలో జరిగిన ఆ అర్ధగంట దేశంలో ఎందరికో వినసొంపైన వార్త. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా నాయుడు మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. మన జట్టులో అదే అత్యధికం. చివరకు ఇంగ్లండు 158 పరుగులతో గెలిచింది. పర్యటన మొత్తంలో ఫస్ట్‌క్లాస్ ఆటలలో ఆయన 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. బర్మింగ్‌హామ్‌లో ఆయన కొట్టిన సిక్సరు రీ నదిని దాటి ఒక కౌంటీ నుండి మరొక కౌంటీలో పడిందని ప్రసిద్ధి. 1933లో విజ్డెన్ వార్షిక గ్రంథం ఆ ఏటి ఐదుగురు మేటి క్రీడాకారులలో ఒకరిగా ఆయనను ఎన్నుకొన్నది. భారత జట్టు నుండి ఆ గౌరవం పొందిన ప్రథముడు ఆయనే.

1933-34లో జార్డిన్ జట్టు మన గడ్డ మీద ఆడినప్పుడు కూడా నాయుడే సారథి. అయినా 1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు నాయకుడు విజయనగర రాజకుమారుడు. విధి వైచిత్రి ఏమంటే, ఇద్దరూ తెలుగువారే. ఒకరు కోటలో పుట్టినవారు, మరొకరు క్రీజులో ఎదిగినవారు. రాజకుమారుడు మూడు టెస్టులలో కలిపి చేసినవి 33 పరుగులు. ఇద్దరి మధ్య సఖ్యత లేదు. జట్టు వర్గాలుగా చీలింది. చక్కని ఆటగాడైన లాలా అమర్‌నాథ్‌ను టెస్టులకు ముందే స్వదేశానికి పంపివేశారు. నలభయ్యవ ఏట, పదవి పోయి, ఇష్టంలేని నాయకత్వం కింద ఆడవలసి వచ్చినవాడు అలిగి కూర్చోవడం సహజం. నాయుడు అలగలేదు. ఓవల్ మైదానంలో చివరి టెస్టు. ఫాలోఆన్ ఆడుతున్న జట్టు. అలెన్ వేసిన బంతి శరీరానికి బలంగా తగిలింది. బాధతో విలవిలలాడి, మళ్లీ నిలబడి, 81 పరుగులు చేశారు. టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు అదే, చివరి ఇన్నింగ్స్ కూడా అదే. బొంబాయి 153నే లోకం ఎక్కువగా తలుస్తుంది. కాని నిజానికి ఈ 81 అంతకంటె గొప్పది. అక్కడ గెలుపు మీద ఆశ లేదు, చూసి చప్పట్లు కొట్టే స్వజనమూ లేరు.

ఏడు టెస్టులలో ఆయన చేసినవి 350 పరుగులే. ఈ అంకెను చూసి ఆయనను తూచరాదు. తొలి టెస్టు నాటికే ఆయనకు 36 ఏళ్లు నిండాయి. దేశవాళీ పోటీలలో ఆయన సారథ్యం వహించిన హోల్కర్ జట్టు నాలుగు పర్యాయాలు రంజీ ట్రోఫీ గెలిచింది. 1945-46 ఫైనల్లో బరోడా మీద 200 పరుగులు చేసినప్పుడు ఆయన వయస్సు ఏబది దాటింది. మరికొన్నేళ్లకు బొంబాయితో జరిగిన ఆటలో దత్తూ ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి పళ్లు రాలాయి. ఆయన రాలిన పళ్లను పిచ్ మీద నుండి తొలగించి, చికిత్సను నిరాకరించి, వేగం తగ్గించవద్దని ఫడ్కర్‌కు చెప్పి ఆట కొనసాగించారు.

1953లో ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆ 1953-54లోనే ఆంధ్ర జట్టు తొలిసారిగా రంజీ ట్రోఫీలో ప్రవేశించింది. అనుభవం లేని ఆ జట్టుకు నాయకత్వం వహించడానికి నాయుడు వచ్చారు. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. పూర్వులు విడిచి వెళ్లిన నేల తరఫున మనుమడు బ్యాటు పట్టాడన్నమాట. 1956లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున చివరి రంజీ ఆట ఆడినప్పుడు అరవై దాటిన వయస్సులో ఆయన చేసినవి 52 పరుగులు. 1963లో 68వ ఏట ఒక ధర్మార్థ పోటీలో మరొకసారి మైదానంలోకి దిగారు. మొత్తం 207 ఫస్ట్‌క్లాస్ ఆటలు, 11,825 పరుగులు, 26 శతకాలు, 411 వికెట్లు.

1967 నవంబరు 14న ఇండోరులో నాయుడు కన్నుమూశారు. ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా భారత్ తరఫున 11 టెస్టులు ఆడిన స్పిన్ బౌలర్. తండ్రి మరణించిన పదేళ్లకు, 1977లో, అదే ఇండోరులో బొంబాయి జట్టుకూ ఎం.సి.సి.కీ జరిగిన పోటీకి కుమార్తె చంద్రా నాయుడు వ్యాఖ్యానం చేశారు. దేశంలో మైకు ముందు కూర్చున్న తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా ఆమె పేరు నిలిచింది.