పేరుకు తగిన సాక్ష్యం

జ్ఞానస్నానంలో మనకు పునీతుల పేర్లు పెడతారు. ఆ పేరు మనల్ని ఏమడుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

నేటి టర్కీలోని మార్దిన్ పట్టణంలో, ఆర్మేనియా కథోలిక కుటుంబంలో, 1869లో శుక్రల్లా మలోయాన్ జన్మించారు. లెబనానులోని బ్జొమ్మార్ మఠంలో చదివి, 1896లో గురుపట్టం పొందినప్పుడు ఇగ్నేషియస్ అనే పేరు స్వీకరించారు. అది రోములో క్రూరమృగాలకు ఆహారమైన అంతియొకయ పీఠాధిపతి, వేదసాక్షి పునీత ఇగ్నేషియస్ పేరు. మలోయాన్ ఐగుప్తులో సేవచేసి, 1911లో మార్దిన్ అగ్రపీఠాధిపతి అయ్యారు.

1915లో ఒట్టోమాన్ ప్రభుత్వం ఆర్మేనియన్ల నిర్మూలనకు పూనుకుంది. జూన్ 3న ఆయనను బంధించారు. మతం మారితే ప్రాణం దక్కుతుందన్నారు. ఆయన ఒప్పుకోలేదు. చిత్రహింసలు పెట్టి, వందలాది విశ్వాసులతోపాటు ఊరి వెలుపలికి నడిపించారు. దారిలో ఆయన రొట్టెను ఆశీర్వదించి, దివ్యసత్ప్రసాదంగా వారికి పంచారు. జూన్ 11న, తన కళ్ళెదుటే తన మంద నేలకూలగా, చివరికి ఆయనా తుపాకి గుండుకు బలయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 46.

2001లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను ధన్యులుగా, 2025లో పద్నాల్గవ లియో పోపుగారు పునీతులుగా ప్రకటించారు.

మనల్ని ఎవరూ ప్రాణం అడగడం లేదు. కనీసం మన పేరుగల పునీతుని జీవితమైనా వచ్చే ఆదివారంలోగా తెలుసుకుందామా?