గోడ లేని రాజధాని: మహమ్మద్ కులీ కుతుబ్ షా

జహీరాబాదు నుండి బీదరుకు బస్సులో గంట ప్రయాణం. ఆ కోట చూడనివారు మన కాలేజీలో అరుదు. రాతిలో తొలిచిన మూడు వరుసల కందకం, దాని వెనుక బురుజులు, ఆ వెనుక ఎక్కడో లోపల మహళ్ళు. వెనుకటి రాజులకు పరిపాలన అంటే అదే. రాజు లోపల, రైతు బయట. ఓరుగల్లు అయినా, గోల్కొండ అయినా పద్ధతి ఒక్కటే.

ఆ బీదరులో బహమనీ సుల్తానుల కొలువు చేసి గోల్కొండకు వచ్చినవాడే కుతుబ్ షాహీ వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీ. ఆయన మనుమడు మహమ్మద్ కులీ కుతుబ్ షా. తాత కోటలో పుట్టి పెరిగి, ఆ కోట చాలదని బయటకు వచ్చిన రాజు ఈయన. అందుకే ఈయన కథ చెప్పబూనాను.

మహమ్మద్ కులీ 1565 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడని పేరు పొందినవాడు. ఆయన 1580లో చనిపోతే పదిహేనేళ్ళ పిల్లవాడు గద్దె ఎక్కాడు. అంటే మనం టెన్త్ పరీక్ష రాసే వయసు. ఎక్కీ ఎక్కగానే యుద్ధం. అహమద్‌నగర్ వాళ్ళతో కలిసి బీజాపూర్ వారి నల్‌దుర్గ్ కోటను ముట్టడించి, పట్టలేక వెనక్కి రావలసి వచ్చింది. మనం షోలాపూర్ పోయే దారిలో వచ్చే నల్‌దుర్గే అది. తర్వాత పోరు మాని పొందు కలుపుకున్నాడు. 1587లో చెల్లెలిని బీజాపూర్ సుల్తాన్ రెండో ఇబ్రహీం ఆదిల్ షాకు ఇచ్చి పెళ్ళి చేశాడు. పడమటి సరిహద్దు చల్లబడింది. కొత్త ఊరు కట్టే తీరిక అలా దొరికింది.

అప్పటికి గోల్కొండ కిక్కిరిసి ఉంది. జనం ఎక్కువ, నీళ్ళు తక్కువ. మూసీ మీద 1578లోనే తండ్రి కట్టించిన వంతెన ఉండనే ఉంది. మనం పురానాపూల్ అంటామే, అదే. నదికి దక్షిణాన 1591లో హైదరాబాదుకు పునాది పడింది. ఇరాన్‌లోని అస్తరాబాదు నుండి వచ్చి పేష్వా అయిన మీర్ మోమిన్ నగరానికి ప్లాను గీశాడంటారు. భాగమతి కథ అందరికీ తెలిసిందే. అది నిజమా కాదా అని చరిత్రకారులు ఇంకా తగువు పడుతూనే ఉన్నారు, నేను దాని జోలికి పోను. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ ప్లానే.

కొత్త రాజధాని నడిబొడ్డున రాజు తన మహలు కట్టుకోలేదు. గోల్కొండ నుండి మచిలీపట్నం రేవుకు పోయే దారిని ఉత్తర దక్షిణాల దారి కోసే చోట చార్మినార్ నిలబెట్టాడు. భుజం 20 మీటర్లు, ఎత్తు సుమారు 49 మీటర్లు. నాలుగు దిక్కులకూ నాలుగు కమానులు, ఒక్కొక్కటి 11 మీటర్ల వెడల్పు. పై అంతస్తులో మసీదు. తలుపు బిగించే కట్టడం కాదది, నాలుగు దారుల కూడలి.

దానికి కాస్త ఉత్తరాన 1592లో చార్ కమాన్ వెలిసింది. నాలుగు పక్కల నాలుగు పెద్ద కమానులు, నడుమ ఒక హౌజు. ఇప్పుడు గుల్జార్ హౌజ్ అంటున్నది దానినే. రాజ్యం నడిచే మహళ్ళకు దారి పడమటి కమాను గుండానే. అంటే ప్రభుత్వ పీఠం గడప బజారులోకే తెరుచుకుంది. ఫిర్యాదులు వినడానికి దాద్ మహల్ అని న్యాయం పేరనే ఒక భవనం కూడా ఉండేది. అట్లని అందరూ తోసుకుని లోపలికి పోయేవారని భ్రమపడకూడదు. పడమటి కమానుకు జరీ తెర కట్టేవారు, రాజు రాజే. అయినా తెర వేరు, కందకం వేరు గదా!

మా నాయన పొలం కాగితం పనిమీద ఒక ఆఫీసుకు పోయి గేటు బయట మూడు రోజులు చెట్టు కింద కూర్చున్నాడు. ఇవాళ హైదరాబాదులో పెద్ద కంపెనీల అద్దాల మేడలు చూడండి, గోడా, గేటూ, మెడలో కార్డూ లేనిదే అడుగు పెట్టనివ్వరు. మేడ కట్టినవాళ్ళు ఊరి వైపు వీపు తిప్పి కూర్చున్నట్టే ఉంటుంది. నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక సుల్తానుకు తట్టిన ఆలోచన ఇంతమంది ఇంజనీర్లకు తట్టదా అని నాకు సందేహం.

1595లో దారుల్‌షిఫా లేచింది. నడుమ పెద్ద వాకిలి, చుట్టూ రెండంతస్తుల గదులు. రోగులకు మందూ, పిల్లలకు వైద్య విద్యా ఒక్క చోటే.

ఇన్ని పనుల నడుమ ఆయన కవిత్వమూ రాశాడు. దక్కనీ ఉర్దూలో సంపూర్ణ కావ్య సంపుటి మిగిల్చిన తొలి కవిగా పేరు. ఆ సంపుటిని డాక్టర్ జోర్ 1940లో పరిష్కరించి అచ్చు వేయించారు. అందులో పండ్లున్నాయి, వసంతముంది, వాన ఉంది, మృగశిర రాక మీద పద్యాలున్నాయి. మృగశిర ఎప్పుడొస్తుందా అని మొగులు వైపు చూసేది రైతే అనుకుంటాం. మహలులో కూర్చున్నవాడు కూడా చూశాడంటే కిటికీ సరైన దిక్కున పెట్టుకున్నాడన్నమాట.

1612 జనవరిలో, నలభై ఏడేళ్ళు నిండకుండానే, ఆయన కన్నుమూశాడు. కొడుకులు లేరు. కూతురు హయాత్ బక్షీ బేగంను పెళ్ళాడిన అన్నకొడుకు లాంటి బంధువు, మేనల్లుడు కాని తమ్ముడి కుమారుడు సుల్తాన్ మహమ్మద్ గద్దె ఎక్కాడు. గోల్కొండ పక్కన సమాధుల తోటలో అన్నిటికంటే ఘనమైన గుమ్మటం కులీదే.

ఆయన పోయాక తెరిచిన గడపకు మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1656లో మొగలు సైన్యం వచ్చిపడింది. అడ్డుకోవడానికి గోడ లేదు. సుల్తాను గోల్కొండ కోటలోకి పరుగెత్తాడు, నగరం దోపిడీ అయింది. 1685లో మళ్ళీ అదే జరిగింది. కోటలో దాక్కున్న రాజు మరో రెండేళ్ళు నిలిచాడు, బజారు మాత్రం ఆ రోజే కొల్లబోయింది. గోడ కట్టకపోవడం తెలివితక్కువ అని కొందరంటారు. ఆ మాట కొట్టేయలేం. కాని 1687లో గోల్కొండ కూడా పడింది, అన్ని గోడలూ ఉండి.

1720ల్లో ముబారిజ్ ఖాన్ హైదరాబాదు చుట్టూ గోడ మొదలుపెట్టాడు, నిజాం హయాంలో 1740 నాటికి పూర్తయింది. ఇప్పుడు ఆ గోడ చాలావరకు లేదు. కులీ కట్టించిన మహళ్ళూ లేవు. చార్మినార్ ఉంది, నాలుగు కమానులు ఉన్నాయి. జరీ తెర వేలాడిన పడమటి కమాను కింద నుండి ఇవాళ స్కూటర్లు పోతున్నాయి, పక్కన నగల దుకాణాలు, వాటి ముందు బేరమాడే జనం.