జాన్ గిబ్బన్

హృదయమును విప్పి చికిత్స చేయవలెనన్న దానిని కొంతసేపు ఆపవలెను. అది ఆగినచో ప్రాణము నిలువదు. ఈ చిక్కును విడదీయుటకు ఇరువది యేండ్లకు పైగా శ్రమించినవాడు అమెరికా దేశపు శస్త్రవైద్యుడు జాన్ గిబ్బన్.

ఈయన 1903లో ఫిలడెల్ఫియా నగరమున, తరతరములుగా వైద్యమే వృత్తియైన యింట జన్మించెను. మనసు మాత్రము సాహిత్యముపై నుండెను. వైద్యకళాశాలలో చేరిన తొలియేడే చదువు మాని రచయిత కాగోరెను. తండ్రి వారింపగా ఆగెను. అందువలన సాహిత్యమునకు కలిగిన నష్టమెంతయో తెలియదు గాని, వైద్యమునకు కలిగిన లాభమును లోకమెరుగును.

1930-31 ప్రాంతమున బోస్టన్ నగరపు ఆస్పత్రిలో ఒక రోగిణికి ఊపిరితిత్తుల ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడెను. నాడిని, రక్తపుపోటును పదునైదు నిమిషముల కొకసారి చూచి వ్రాసికొనుచు గిబ్బన్ రాత్రియంతయు ఆమె ప్రక్కనే గడపెను. ఉదయమున ఆచార్యుడు చర్చిల్ గడ్డను తీసివేసినను ఆమె దక్కలేదు. నల్లబారిన రక్తమును వెలుపలికి తీసి, శుద్ధిచేసి, మరల ధమనిలోనికి పంపగలిగినచో ఆమె బ్రతుకునుగదా యన్న తలపు ఆ రాత్రియే ఆయనకు పుట్టెను.

పెద్దలు పలువురు నిరుత్సాహపరచిరి. ప్రయోగశాలలో పనిచేయుచుండిన మేరీ ఆయన భార్యయై, ఆ కృషిలో కుడిభుజముగా నిలిచెను. బోస్టన్ వీధులలోని పిల్లులను పట్టితెచ్చి దంపతులు ప్రయోగములు సాగించిరి. గడ్డకట్టకుండ హెపారిన్ కలిపిన రక్తమును పలుచని పొరగా పారించి, దానికి ప్రాణవాయువును తాకించుట యంత్రపు పని. వినుటకు సులభమే, రక్తకణములు నలుగకుండ చేయుటలోనే కష్టమంతయు. 1935లో ఒక పిల్లి ప్రాణమును యంత్రము నిలిపెను. యుద్ధానంతరము ఐ.బి.ఎమ్. సంస్థ యింజనీర్లు తోడ్పడిరి.

1952లో తొలి రోగియైన పసిబిడ్డ మరణించెను. 1953 మే 6న, హృదయపు పై గదుల నడుమ రంధ్రముగల పదునెనిమిదేండ్ల యువతికి, ఇరువదియాఱు నిమిషములు యంత్రమే గుండెయు ఊపిరితిత్తులునై పనిచేయగా, గిబ్బన్ ఆ రంధ్రమును కుట్టివేసెను. ఆమె స్వస్థురాలై పెక్కేండ్లు జీవించెను.

ఆ జూలైలోనే మరి యిద్దరు బాలికలకు చికిత్స చేసెను. ఇరువురును దక్కలేదు. ఒక సంవత్సరము యంత్రమును ముట్టరాదని నిశ్చయించిన గిబ్బన్, హృదయ శస్త్రచికిత్సను మరల చేపట్టనే లేదు. దీనిని పిరికితనమనువారు ఉండవచ్చును, నాకట్లు తోచదు. యంత్రపు నమూనాలను దాచక మేయో క్లినిక్కు వైద్యులకిచ్చెను. అచ్చట జాన్ కర్క్లిన్ దానిని సవరించి, 1955 నుండి వరుసగా శస్త్రచికిత్సలు సాగించెను.

గిబ్బన్ 1973 ఫిబ్రవరి 5న టెన్నిస్ ఆడుచుండగా గుండెపోటు వచ్చి మరణించెను.